చిత్రిక పడుతుంటే బల్ల నడిచిపోతోంది

బరంపురం_శీను
పెరటి వరండా ఖాళీగా ఉందని అందులో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాను. ఇక్కడి మేస్త్రి ఒకాయనతో బల్ల చేయించాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు. పైన 18 ఎంఎం ప్లై ఒక్క పొర. కాళ్ళు ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క, రెండంగుళాలవి. అన్నీ మేకులే. చూడ్డానికి బాగానే ఉంది. చిత్రిక (చెక్కని నునుపు చేసే పనిముట్టు) పట్టగానే ఊగడం మొదలు. నాలుగు తోపులు తోసేసరికి గోడ దగ్గర ఉండాల్సింది అడుగు ఇవతలికి వచ్చేస్తుంది. మేస్త్రిని అడిగితే "భోజనాల బల్ల అనుకున్నాను సార్" అన్నాడు. దీన్నే బాగు చేసుకోవచ్చా, పొయ్యిలోకేనా?

ఇంకో సంగతి. మా వీధిలో మార్బుల్ కట్టర్‌ని తిరగేసి ప్లై కింద బిగించి టేబుల్ రంపంలా వాడుతున్నారు. నాలుగంగుళాల చెక్క బ్లేడు వేస్తే చాలట. నేనూ ఇదే బల్లకి బిగిద్దామనుకుంటున్నాను. ఎవరైనా చేశారా?

చెదపురుగు
పొయ్యిలో వద్దు, నాకివ్వండి. పైన్ అంటే ప్రాణం.

పర్లాకిమిడి_పెద్దోడు
బల్ల నడిచెల్లిపోతందంటే మంచిదే కదేటి. ఎక్కడ పనుంటే అక్కడికి అదే వొస్తాది.
సరే గానీ, కాళ్ళకి కింద అడ్డపట్టీలున్నాయా లేవా? ఫొటో పెట్టండి.

బరంపురం_శీను
పెట్టాను. పట్టీలు పైన, ప్లై కింద మాత్రమే ఉన్నాయి. కింద ఏమీ లేవు.

సునాబెడ_రిటైర్డ్
పర్లాకిమిడి వారు అడిగిందే అసలు ప్రశ్న. మీ బల్లకి జబ్బులు రెండు. విడివిడిగా చూడండి.

ఊగడం ఒకటి. కాళ్ళకి పైన మాత్రమే పట్టీలుంటే, పక్కకి తోసినప్పుడు చట్రం మొత్తం వాలుతుంది. మేకు ఆ కదలికని ఆపలేదు. ఊగిన కొద్దీ మేకు బెజ్జమే పెద్దదవుతుంది. వెనక రెండు కాళ్ళకీ కలిపి 12 ఎంఎం ప్లై పలక బిగించండి, కనీసం అడుగున్నర ఎత్తుది. ఫెవికాల్ రాసి, నాలుగంగుళాలకో స్క్రూ. రెండు పక్కలా అంతే. ముందువైపు మీ కాళ్ళకి ఖాళీ కావాలి కాబట్టి పలక వద్దు, నేలకి ఆరంగుళాల ఎత్తున గట్టి అడ్డపట్టీ వెయ్యండి. దాన్ని 10 లేదా 12 ఎంఎం బోల్టుతో, పెద్ద వాషర్లతో బిగించండి. చెక్క ఎండకి కుంచించుకుని వదులైతే నట్టు మళ్ళీ తిప్పుకోవచ్చు.

జరగడం రెండోది. అది బరువు చాలక. కింద ఒక అర వేసి దాని మీద ఇటుకలు పేర్చండి. గోడకి కోణపు పట్టీలతో బిగించినా సరే, కాకపోతే అప్పుడు బల్ల చుట్టూ తిరగలేరు.

పైపలక ఒక్క పొర చాలదు. ఇంకో 18 అతికించి స్క్రూలు కింది నుంచి వెయ్యండి. పైనుంచి వేస్తే ఏదో ఒక రోజు చిత్రిక బ్లేడు స్క్రూ తలని తగులుతుంది.

ఎత్తు కూడా సరిపోలేదు. నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడికొస్తుందో చూడండి. చేత్తో చిత్రిక పట్టేవాడికి బల్ల ఆ మట్టంలో, లేదా ఓ అంగుళం తక్కువగా ఉండాలి. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి 32 దగ్గర పడుతుంది. చెక్కుడు పనీ సన్న పనీ ఎక్కువైతే ఇంకా పైకి.

మార్బుల్ కట్టర్ గురించి విడిగా రాస్తాను. అది రెండు ముక్కల్లో తేలేది కాదు. అప్పటిదాకా బిగించొద్దు.

చెదపురుగు
ఇటుకలెందుకు, ప్రతి ఇంట్లోనూ వానకి తడిసి గట్టిపడ్డ సిమెంటు బస్తా ఒకటి ఉంటుంది. 50 కిలోలు. పారెయ్యలేం, వాడలేం. దానికి ఇన్నాళ్ళకి ఉద్యోగం దొరికింది.

పర్లాకిమిడి_పెద్దోడు
మా ఇంట్లో రెండున్నాయి. అద్దెకిస్తాను.

జైపూర్_వడ్రంగి
వీడియోలు చూసి అందరూ బల్లలంటున్నారు. మా ఇంట్లో తరతరాలుగా వడ్రంగమే. బల్ల అన్న మాటే లేదు. నేల మీద కూచుని, చెక్కని దుంగకి ఆనించి, అరికాలితో తొక్కిపెట్టి మా నాన్న దర్వాజాలు చేశాడు, బండి చక్రాలు చేశాడు. కాలు ఎక్కడ కావాలంటే అక్కడ పట్టుకుంటుంది, బిగించక్కర్లేదు, విప్పక్కర్లేదు. చోటూ కలిసొస్తుంది. శీను గారి వరండాలో ఆరడుగుల బల్ల వేస్తే మనిషి ఎక్కడ నిలబడతాడు?

రాయగడ_రమణి
నిలబడి పనిచేస్తే చిత్రికకి ఒంటి బరువంతా కలుస్తుంది, కూచుంటే భుజాలే తొయ్యాలి. నా మోకాళ్ళు నేల మీద కూర్చోనివ్వవు, అదొకటి. అది పక్కన పెట్టండి.

జైపూర్ వారూ, మీ నాన్నగారి కాలే ఆయనకి క్లాంపు, అంటే ముక్కని బిగించి పట్టేది. ఎదురుగా ఉన్నది ఉలి, బాడిస (చెక్క చెక్కే చేతి గొడ్డలిలాంటిది). దాని వేగం ఆయన చేతిలోనే ఉండేది. ఇప్పటి కుర్రాళ్ళు ఆ ఉలి చోట గ్రైండర్ పెట్టారు. కాలు మాత్రం అక్కడి నుంచి తియ్యలేదు. మా వీధిలో ఒకబ్బాయి ప్లైని మోకాలితో తొక్కి కోస్తుంటే బ్లేడు ఎగిరి తొడలో దిగింది. బతికాడు, నడుస్తున్నాడు. ఆ ముక్కని బిగించడానికి ఓ బల్ల, రెండు సి-క్లాంపులు ఉంటే చాలేది. నాకు బల్ల సౌకర్యం కోసం కాదు, నా రెండు చేతులూ మిషన్ మీదే ఉండడం కోసం.

జైపూర్_వడ్రంగి
గ్రైండర్‌కి నేల పనికిరాదు, ఒప్పుకుంటాను. నేను చెప్పింది చేతి పని గురించి.

రాయగడ_రమణి
చేతి పనిలో దెబ్బలు తగలవా మరి? మీ నాన్నగారి కాలి వేళ్ళు ఎన్ని?

జైపూర్_వడ్రంగి
పదీ ఉన్నాయి. ఒకదానికి గోరు లేదు. అది బాడిస పని.

పర్లాకిమిడి_పెద్దోడు
😂 తొమ్మిదిన్నర అని రాసుకోండి.

ఛత్రపూర్_ఫర్నిచర్
మార్బుల్ కట్టర్ సంగతికి వస్తాను. మా షాపులో ఏళ్ళుగా తిరగేసే వాడుతున్నాం. రెండు మూడు వేలకి వస్తుంది. సరైన టేబుల్ రంపం కొనాలంటే దానికి పది రెట్లు. ఇంటి పనికి అంత పెట్టుబడి ఎవరు పెడతారు? జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు. సునాబెడ వారు ఫ్యాక్టరీ లెక్కలు చెప్తారు, ఇక్కడ బతుకు లెక్కలు వేరు.

సునాబెడ_రిటైర్డ్
లెక్కే చెప్తాను, ఫ్యాక్టరీది కాదు, మీ చేతిలో ఉన్నదే.

మార్బుల్ కట్టర్ ఖాళీగా తిరిగినప్పుడు నిమిషానికి 12,000 చుట్లు దాటుతుంది. బ్లేడు 110 ఎంఎం. అంటే ఒక చుట్టుకి అంచు సుమారు 345 ఎంఎం ప్రయాణిస్తుంది. సెకనుకి 200 చుట్లు. గంటకి దగ్గర దగ్గర 250 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం రోడ్డు మీద ఏ బస్సూ అందుకోలేని వేగంతో పళ్ళు మీ వేలి పక్కన తిరుగుతున్నాయి.

సరైన టేబుల్ రంపానికీ దాదాపు అంత వేగం ఉంటుంది. కాబట్టి తేడా వేగంలో లేదు. దాని బ్లేడు వెనక ఒక సన్నటి రేకు నిలబడి ఉంటుంది. చెక్కని నిలువునా చీల్చేటప్పుడు లోపలి బిగువు వదిలి కోత మళ్ళీ మూసుకోవాలని చూస్తుంది. మూసుకుంటే బ్లేడు వెనక భాగాన్ని నొక్కుతుంది. వెనక పళ్ళు పైకి లేస్తూ వస్తాయి కాబట్టి చెక్కని ఎత్తి మీ మీదకి విసురుతాయి. మనిషి బెదిరి ముందుకి తూలతాడు, చెయ్యి బ్లేడు మీద పడుతుంది. చాలా వేళ్ళు పోయేది ఇలాగే. ఆ రేకు కోతని మూసుకోనివ్వదు. మార్బుల్ కట్టర్‌కి అది లేదు, ఎందుకంటే రాయికి ఆ జబ్బు లేదు. పైన గార్డు కూడా తిరగేసినప్పుడు తీసేస్తారు. స్విచ్ ఆపాక బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ స్విచ్ కూడా బల్ల కింద, తడుముకోవాలి.

ఛత్రపూర్ వారూ, జాగ్రత్త అనేది చెక్కలోని ముడికి తెలీదు.

రంపాన్ని బల్ల కింద బిగించకుండా చెక్క పైన నడిపించండి శీను గారూ. చెక్కకోసం చేసిన చేతి సర్క్యులర్ రంపం తీసుకుని, ప్లైని బల్ల మీద బిగించి, నిటారు అల్యూమినియం పట్టీని క్లాంపులతో గైడుగా పెట్టి దాని వెంట నడిపించండి. కింద ఒక థర్మాకోల్ పలకో పనికిరాని ప్లైయో వేస్తే బల్ల తెగదు. టేబుల్ రంపంతో ఇంట్లో చేసుకునే కోతల్లో చాలా భాగం ఇలాగే అయిపోతాయి.

ఛత్రపూర్_ఫర్నిచర్
సన్న పట్టీలు, అంగుళంవి, అలా ఎలా కోస్తారు? గైడు పెట్టడానికి చోటెక్కడ?

సునాబెడ_రిటైర్డ్
న్యాయమైన ప్రశ్న. వెడల్పు పలకని బల్లకి బిగించి, రంపానికి పక్క గైడు తగిలించి అంచు నుంచి అంగుళం తీస్తూ పోవాలి. ముక్క చిన్నదైపోయాక ఇక చేతి రంపమే. మీరు తిరగేసిందే వాడతానంటే కనీసం వెనక రేకు ఒకటి కోత మందానికి సరిపడా చేయించి పెట్టండి, గైడు పట్టీ బ్లేడుకి సమాంతరంగా ఉందో లేదో ప్రతిసారీ కొలవండి, చెక్కని వేళ్ళతో కాకుండా తోపు కర్రతో తొయ్యండి, బ్లేడు వరసలో నిలబడకుండా పక్కకి నిలబడండి. అయినా నేను మాత్రం సరే అనను.

సిరొంచ_అన్న
గ్రైండర్‌కు చెక్క బ్లేడు పెట్టేటోళ్ళను జూస్తె నాకు ఇంక భయం. మార్బుల్ కట్టర్‌కు కనీసం కింద పాదం ఉంటది, చెక్క మీద ఆనుతది. గ్రైండర్‌కు అదీ లేదు. పళ్ళు పట్టుకున్నయంటె మిషన్ మొత్తం ఎగిరి మొహం మీదికి వస్తది. మా దిక్కు తలుపులు చెక్కెటోళ్ళు మస్తుగ వాడుతున్నరు. చెప్తె వినరు.

ఇంకోటి. ఇనుము కోసే సన్నటి డిస్క్ మధ్యల రింగు మీద గడువు తేదీ అచ్చేసి ఉంటది, జర చూడుండ్రి. రెజిన్ అనే బంకతోని అతికించి చేస్తరు, పాతదైతె, తేమ పడితె బలం తగ్గుతది. డిస్క్ మీద రాసిన చుట్ల కంటె మిషన్ చుట్లు ఎక్కువుంటె అది పగులుతది.

బరంపురం_శీను
నా దగ్గరున్న డిస్కులు తీసి చూశాను. రెండింటికి గడువు దాటిపోయింది! ఇన్నాళ్ళూ ఆ తేదీ కంపెనీ పుట్టినరోజేమో అనుకున్నా.

గుణుపురం_కరెంటు
అందరూ బ్లేడు గురించే మాట్లాడుతున్నారు. వరండా అన్నారు, వాన జల్లు కొడుతుందా? ప్లగ్గు ఎక్కడి నుంచి లాగారు? ఎర్తింగ్ ఉందా?

బరంపురం_శీను
వంటింటి సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు. జల్లు కొడుతుంది. ఎర్తింగ్ ఇల్లు కట్టినప్పుడు వేశారు, ఇప్పుడెలా ఉందో తెలీదు.

గుణుపురం_కరెంటు
మూడూ తప్పే.

ఇంట్లో ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంది కదా అనుకుంటారు. అది వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. 10 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవాలంటే అంతకంటే ఎక్కువ కరెంటు పారాలి. గుండె లయ తప్పడానికి అందులో నూరో వంతు కూడా అక్కర్లేదు. మనిషి కోసం కావలసింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతున్నట్టు లెక్క, క్షణంలో కట్ చేస్తుంది. దాని మీద 'టి' అని బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. వర్క్‌షాప్‌కి మీటర్ బోర్డు నుంచే విడిగా లైను లాగి, ఆర్‌సీసీబీ పెట్టి, 16 ఆంపియర్ల సాకెట్లు నడుము ఎత్తులో వేయించండి.

ఎర్తింగ్ గొయ్యి ఎండాకాలంలో ఎండిపోతుంది. బొగ్గూ ఉప్పూ వేసిన పాతకాలం గొయ్యి అయితే ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు పొయ్యాలి.

అన్నిటికంటే మన ఊళ్ళకి సంబంధించింది చెప్తాను. డ్రిల్లుకీ గ్రైండర్‌కీ స్విచ్ నొక్కి పెట్టే లాక్ ఉంటుంది. లాక్ వేసి పనిచేస్తుంటే కరెంటు పోయింది అనుకోండి. మిషన్ బల్ల మీద పెట్టి టీ తాగడానికి పోతాం. అరగంటకి కరెంటు వచ్చింది. మిషన్ తనంతట తాను లేచి బల్ల మీద డాన్సు. ఒక షాపులో పిల్లాడు పక్కన నిలబడి ఉండగా ఇలాగే అయింది. పిల్లాడికి ఏమీ కాలేదు. కరెంటు పోయిన క్షణమే ప్లగ్గు పీకండి, ఆ తర్వాతే టీ.

పర్లాకిమిడి_పెద్దోడు
మా దగ్గర కరెంటు పోతే ప్లగ్గు పీకడానికే ఒక మనిషిని పెట్టాల. రోజుకి అన్నిసార్లు పోతాది.

చెదపురుగు
పూజల సంగతి ఎవరూ చెప్పలేదు. మనకి సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజ, దసరాకి ఆయుధ పూజ. ఒడియా వాళ్ళతో ఒకటి, తెలుగు వాళ్ళతో ఒకటి. మిషన్‌కి ఏడాదికి రెండు పూజలు, సర్వీసింగ్ మాత్రం సున్నా.

సునాబెడ_రిటైర్డ్
నవ్వులాట కాదు. పూజ మర్నాడు డ్రిల్లింగ్ మిషన్‌కి బంతిపూల దండ అలాగే ఉంచి స్విచ్ వేస్తే దండ చుట్టుకుంటుంది, దండని తియ్యబోయిన చెయ్యీ చుట్టుకుంటుంది. మా దగ్గర పూజ అయిన వెంటనే దండలన్నీ తీశాకే తాళం ఇచ్చేవారు.

దాని వెంటే ఇంకో మాట. తిరిగే మిషన్ దగ్గర చేతి తొడుగులు వద్దు. చాలామంది భద్రత అనుకుని వేసుకుంటారు. డ్రిల్లు బిట్‌కి తొడుగు దారం ఒక్కటి దొరికినా చెయ్యంతా లాగేస్తుంది. తొడుగులు ప్లై మొయ్యడానికీ రేకు పట్టుకోడానికీ. లుంగీ, కండువా, ముంజేతికి కట్టిన దారాలు, ఉంగరాలు అదే లెక్క.

రాయగడ_రమణి
జడ, చున్నీ, గాజులు కూడా రాయండి. ఈ జాబితాలు ఎప్పుడూ మగవాళ్ళే రాస్తారు. నేను జడ ముడేసి టోపీ కింద తోస్తాను, చున్నీ గుమ్మం మేకుకి. మా అత్తగారికి గాజులు తియ్యడం నచ్చదు. గాజు పగిలితే చెయ్యి తెగుతుందని ఒకసారి, చేతులే లేకపోతే గాజులు ఎక్కడ వేసుకోనని ఇంకోసారి చెప్పాను. రెండోది పనిచేసింది.

జైపూర్_వడ్రంగి
ఇంతకీ బల్ల ఏ చెక్కతో? పైన్ కాళ్ళతో ఎన్ని పలకలు వేసినా అది పైనే. శాల చెక్క వాడండి, గుగ్గిలం అంటారు. మన కొరాపుట్ వైపు పాత ఇళ్ళు కూల్చిన చోట దూలాలు దొరుకుతాయి. మూడంగుళాల మందంతో ఆరు బై రెండు పైపలక చేస్తే మూడు సీఎఫ్‌టీ, అంటే మూడు ఘనపుటడుగులు. ఒక్క పైపలకే 70 కిలోలు దాటుతుంది, ఇటుకలక్కర్లేదు. మేకు దిగదు, వంగిపోతుంది. ముందు సన్న బెజ్జం వేసి స్క్రూకి సబ్బు రాసి తిప్పాలి. పచ్చి శాల మాత్రం తీసుకోకండి, మెలి తిరిగిపోతుంది.

సిరొంచ_అన్న
మా మహారాష్ట్రల ఆలాపల్లి అడవుల టేకు ఎట్లుంటదో చెప్పక్కర లేదు. 2023 మార్చిల అయోధ్య గుడి తలుపుల కోసం టేకు బల్లార్షా డిపో నుంచే పోయింది. అట్లని టేకుతోని పని బల్ల చేస్తె మా ఊళ్ళె నవ్వుతరు. దెబ్బలు తినేదానికి నల్లమద్ది చాలు. టేకు ఇంటికి, మద్ది పనికి.

పర్లాకిమిడి_పెద్దోడు
నౌపడా గుణుపురం చిన్న రైలు తీసేసి పెద్ద లైను ఏసినప్పుడు పాత స్లీపర్లు శానా మంది తెచ్చుకున్నారు. మా బావ దగ్గర ఇంకా నాలుగున్నాయి. దాంతో చేస్తే ఏనుగెక్కినా కదల్దు.

రాయగడ_రమణి
స్లీపర్లు ఇంటి వర్క్‌షాప్‌లోకి వద్దు. కొన్నింటికి పురుగు పట్టకుండా క్రియోసోట్ అనే తారు నూనె ఎక్కించి ఉంటుంది. ఎండకి వాసన వస్తుంది, చేతికి అంటుతుంది, చర్మం మండుతుంది. దాన్ని చిత్రిక పట్టి ఆ పొడి పీల్చడం ఇంకా చెడ్డది. పైగా లోపల విరిగిన మేకులూ గులకరాళ్ళూ ఇరుక్కుని ఉంటాయి, బ్లేడు పోతుంది. పెరట్లో మొక్కల గట్టుకి కూడా నేనైతే పెట్టను.

పర్లాకిమిడి_పెద్దోడు
మా బావకి ఇప్పుడే ఫోన్ సేసేను. వాసన ఉందంట. అందుకే మా అక్క దాన్ని ఇంట్లోకి రానియ్యలేదంట. బావని కాదు, స్లీపర్ని.

తిత్లీ తుఫానుకి, 2018 అక్టోబర్లో, మా పెరట్లో పనస పడిపోయింది. కోయించి నీడలో మధ్యమధ్య పుల్లలెట్టి పేర్చి ఉంచేం. పనస చెద తొందరగా పట్టదు. శీను గారూ కావాలంటే రండి, రెండు దుంగలిస్తాను.

రాయగడ_రమణి
అంగుళం మందానికి ఏడాది లెక్కన ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, తీసుకోండి. మిల్లులో గానీ అడవి వైపు గానీ టేకు, శాల కొని బండి మీద తెచ్చేవాళ్ళు మాత్రం బిల్లూ రవాణా పాసూ చూసుకోండి. ఒడిశాలో 1980 నాటి కలప రవాణా నిబంధనల కింద వాటిని అడుగుతారు.

బరంపురం_శీను
పెద్దోడు గారూ వస్తాను. చెద అన్నారు కాబట్టి అడుగుతున్నా, మా వరండా నేల సిమెంటే గానీ గోడ మూల నుంచి చెద లేస్తుంది. బల్ల కాళ్ళకి ఏం రాయాలి?

చెదపురుగు
తేనె.

ఛత్రపూర్_ఫర్నిచర్
జీడి పిక్కల తొక్కల నూనె. పలాస వైపు ఫ్యాక్టరీల దగ్గర దొరుకుతుంది. పడవలకి కూడా అదే రాస్తారు. కాళ్ళ అడుగుకి రెండు పూతలు వేసి, కింద చిన్న గ్రానైట్ ముక్కలు పెట్టండి. చెద అంత తొందరగా రాదు.

సునాబెడ_రిటైర్డ్
ఈ మాట బాగుంది, కానీ చేతితో తాకొద్దు. తొక్క నూనె చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. ఇక్కడ మాత్రం రబ్బరు తొడుగులు తప్పనిసరి, కళ్ళద్దాలు కూడా. ఆ కాళ్ళని తర్వాత ఎప్పుడైనా కోసి పొయ్యిలో వెయ్యకండి, పొగ కూడా మంచిది కాదు.

నూనె అన్నారు కాబట్టి ఇంకోటి. బల్ల పైపలకకి చాలామంది అవిసె నూనె పూస్తారు. పూసిన గుడ్డని ముద్ద చేసి మూల పడేస్తే అది తనంతట తానే అంటుకోగలదు. నిప్పు అక్కర్లేదు. ఆ నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, ఆ కలయికలో వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే వేడి పోతుంది, ముద్దగా ఉంటే లోపలే పెరుగుతుంది.

జైపూర్_వడ్రంగి
ఇది మాత్రం నమ్మను. ఎన్ని గుడ్డలు పారేశామో.

గుణుపురం_కరెంటు
నమ్మండి. మా బంధువుల షాపులో రంపపు పొట్టు మీద అలాంటి గుడ్డలు పడేసి రాత్రి మూసేశారు. తెల్లారి తలుపు తీస్తే పొట్టంతా కాలి బూడిద, పక్కన బల్ల కాలు సగం బొగ్గు. వైరింగ్ తప్పని ముందు నన్నే తిట్టారు. ఆ మూలకి అసలు వైరే లేదు.

సునాబెడ_రిటైర్డ్
తీగ మీద ఒక్కొక్కటిగా పరిచి బయట ఆరేయండి, గట్టిపడ్డాక పారేయండి. లేదంటే నీళ్ళ బకెట్‌లో ముంచేయండి. కొబ్బరి నూనెకి ఈ గొడవ లేదు, అది ఆరే రకం కాదు.

సిరొంచ_అన్న
పొట్టు అన్నరు కదా, పొడి సంగతి? నేను కర్చీఫ్ కట్టుకుంట.

రాయగడ_రమణి
కర్చీఫ్ పెద్ద పొట్టునే ఆపుతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయేది కంటికి కనపడని సన్న పొడి. సాండర్ (గరుకు కాగితంతో రుద్దే మిషన్) వాడేటప్పుడు ఎన్95 వేసుకోండి, రెండు వైపులా బిగుతుగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని 1995లోనే క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో పెట్టింది. ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకి. ఇది వరసగా ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళ సంగతి, ఆదివారం పనివాళ్ళు హడలిపోనక్కర్లేదు. టేకు పొడి కొందరికి తుమ్ములూ దద్దుర్లూ తెస్తుంది, అది మొదటి రోజే తెలుస్తుంది.

పర్లాకిమిడిలో కొమ్ము పనివాళ్ళని చూశాను, బఫ్ చక్రం (మెరుగు పెట్టేది) దగ్గర ముక్కుకి తువ్వాలు తప్ప ఏమీ ఉండదు. ఆ వాసన రెండు రోజులు బట్టల్లో ఉంటుంది.

పర్లాకిమిడి_పెద్దోడు
అవునండి. మా వీధే అది. మాకు వాసన తెలీదు, చుట్టాలకే తెలుస్తాది.

సునాబెడ_రిటైర్డ్
చెవులు మరిచిపోయారు. ఎనిమిది గంటలకి 85 డెసిబెల్స్ హద్దు అంటారు. ప్రతి 3 పెరిగితే సమయం సగమవుతుంది. గ్రైండర్ 100 దగ్గర మోగుతుంది, అంటే పావుగంటకే ఆ రోజు కోటా అయిపోయింది. నాతోపాటు రిటైరైనవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాలంటే అరవాలి. నురుగు చెవి బిరడాలు పదిరూపాయలు.

కంపౌండర్_గారు
మెడికల్ షాపు వాణ్ణి, ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నా. తెగాక ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు. కాఫీ పొడి, పసుపు, గోడ సున్నం వెయ్యకండి. డాక్టర్ అవన్నీ కడగడానికే సమయం పోతుంది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా, వదలకుండా నొక్కి, చెయ్యి పైకెత్తి పట్టుకుని 108కి ఫోన్. గుడ్డ తడిసినా తియ్యకండి, పైన ఇంకోటి వెయ్యండి. వేలు తెగి పడిపోతే దాన్ని తడి గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, ఆ సంచిని ఐసు నీళ్ళలో పెట్టండి. వేలిని నేరుగా ఐసు మీద పెడితే కణాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. బరంపురం వాళ్ళకి ఎంకేసీజీ పెద్దాసుపత్రి ఉంది. పర్లాకిమిడి వాళ్ళు శ్రీకాకుళం దగ్గరో బరంపురం దగ్గరో ముందే ఆలోచించి పెట్టుకోండి, రక్తం కారుతుండగా కాదు. కంట్లో ఇనుప రజను పడితే నలపొద్దు, అయస్కాంతం పెట్టొద్దు.

ఛత్రపూర్_ఫర్నిచర్
అయస్కాంతం... మా షాపులో అదే చేస్తారు. ఆపిస్తాను. వెనక రేకు కూడా చేయిస్తున్నా, సునాబెడ వారి కోసం కాదు, మా కుర్రాడు ఇది చదివి పట్టుబట్టాడు.

బరంపురం_శీను
వెనక, పక్కల ప్లై పలకలు కోయించాను. శనివారం కరెంటు పనికి మనిషి వస్తున్నాడు. ఎత్తు కోసం కాళ్ళ కింద రెండంగుళాల శాల దిమ్మెలు బోల్టుతో బిగిస్తున్నా. వైసు (బల్లకి బిగించే పట్టుడు దవడ) కొనేలోపు ముక్కని బల్ల మీద పట్టుకోడానికి చవకైన దారి ఏమైనా ఉందా?

జైపూర్_వడ్రంగి
ఇప్పుడు నా దగ్గరికొచ్చారు. కమ్మరి దగ్గర ముప్పావు అంగుళం మెత్తటి ఇనుప రాడ్ తీసుకుని, ఒక కొసని వేడి చేసి కొక్కెంలా వంచి, మొన చదును చేయించండి. బల్లలో దానికి కాస్త వదులుగా బెజ్జం. చెక్క మీద మొన ఆనించి పైనుంచి సుత్తితో ఒక దెబ్బ, బిగుసుకుంటుంది. వెనక నుంచి ఒక దెబ్బ, వదులుతుంది. ఫ్రాన్స్ వాళ్ళ పాత బల్లలకీ ఇదే వాడేవారట, మా అబ్బాయి చూపించాడు. చూపించాక బల్లలంటే నాకు కొంచెం కోపం తగ్గింది.

సునాబెడ_రిటైర్డ్
36 ఎంఎం ప్లైలో అది జారుతుంది. బెజ్జం వేసే చోట అడుగున ఇంకో రెండంగుళాల గట్టి చెక్క ముక్క అతికించి స్క్రూలు బిగించి, రెండూ కలిపి తొలవండి. బెజ్జం నిటారుగా రావాలి. డ్రిల్లు పక్కన మూలమట్టం నిలబెట్టి చూసుకుంటూ దించండి.

బరంపురం_శీను
రాడ్ ఎంత పొడవు చెప్పమంటారు కమ్మరికి?

జైపూర్_వడ్రంగి
అడుగున్నర. వంపు పోగా మిగిలింది సరిపోతుంది. రెండు చేయించు, ఒకదానితో ముక్క గిరగిరా తిరుగుతుంది.